కండోమ్ లేకుండా కలిశాక హెచ్‌ఐవీ భయం: మొదటి 72 గంటలు, తర్వాతి మూడు నెలలు

నల్లగొండ, పాలమూరు వైపు నుంచి ఈ భయంతో కౌన్సెలింగ్‌కు వచ్చేవాళ్లలో ఎక్కువగా ఒకటే తీరు చూస్తుంటాం. తొందరపడాల్సిన మొదటి మూడు రోజులు ఎవరికీ చెప్పకుండా లోపలే పెట్టుకుంటారు. ఓపిక పట్టాల్సిన తర్వాతి రోజుల్లో మాత్రం వారానికో ల్యాబ్ చుట్టూ తిరుగుతారు. టెన్షన్ అలా చేయిస్తుంది. అందుకే ఏది ఎప్పుడు చేయాలో తెలిసి ఉండటం అవసరం.

కండోమ్ వాడలేదు, లేదా మధ్యలో చిరిగిపోయింది, అవతలి మనిషికి హెచ్‌ఐవీ ఉందో లేదో తెలియదు. అలాంటప్పుడు హెచ్‌ఐవీ సోకకుండా అడ్డుకునేందుకు పెప్ అనే మాత్రల కోర్సు ఉంది. 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత ముందు వేసుకుంటే అంత మేలు. 72 గంటలు ఉన్నాయి కదా అని రేపటికి వాయిదా వేయొద్దు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో ఏఆర్‌టీ సెంటర్‌ను, అంటే హెచ్‌ఐవీ మందులు ఇచ్చే విభాగాన్ని అడగండి. రాత్రయితే క్యాజువాలిటీకి వెళ్లండి. అక్కడ కడుపునొప్పి అనో, నీరసం అనో చెప్పి తిరిగి రావద్దు. "నిన్న రాత్రి కండోమ్ లేకుండా కలిశాను, పెప్ కావాలి" అని ఈ ఒక్క మాట చెబితే చాలు. ఒకవేళ అక్కడ ఆలస్యమయ్యేలా ఉంటే ఎండీ డాక్టర్ దగ్గర చీటీ రాయించుకుని బయట మెడికల్ షాపులో కొనుక్కోండి. హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097 నంబరుకు చేసినా దగ్గర్లోని సెంటర్ ఎక్కడుందో ఉచితంగా చెబుతారు.

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకోవడం, యాంటీబయాటిక్ మింగడం, డెట్టాల్‌తో కడుక్కోవడం, ఇవేవీ హెచ్‌ఐవీని ఆపవు. డెట్టాల్‌తో గట్టిగా రుద్దితే చర్మం గీసుకుపోయి ఇంకా చేటు. బస్టాండ్ గోడల మీద కనిపించే గుప్తరోగాల పోస్టర్ల నంబర్లకు ఫోన్ చేసి వేలకు వేలు పోగొట్టుకోవద్దు.

పెప్ సాధారణంగా రోజుకు ఒక మాత్ర, 28 రోజులు. ఇప్పుడు ఎక్కువగా రాసే మాత్రలో డోల్యుటెగ్రావిర్ ఉంటుంది. భయానికి కడుపు మండి చాలామంది గ్యాస్ సిరప్ తాగుతారు. యాంటాసిడ్ సిరప్ గానీ, ఐరన్, కాల్షియం మాత్రలు గానీ దీనితో కలిస్తే మందు ఒంటికి సరిగా పట్టదు. వాడుతున్నవన్నీ డాక్టర్‌కు చెప్పి, ఏది ఎన్ని గంటల తేడాతో వేసుకోవాలో రాయించుకోండి. మొదటి వారం వికారంగా ఉన్నా మధ్యలో ఆపొద్దు. ఆ నెల రోజులు కల్లు, మద్యం మానేయడం మంచిది. తాగిన రాత్రి మాత్ర మరిచిపోతారు.

ఆడవాళ్లు గర్భం రాకుండా వేసుకునే అత్యవసర మాత్ర గురించి కూడా అప్పుడే అడగాలి. బలవంతంగా జరిగి ఉంటే, ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు అయినా ఎఫ్‌ఐఆర్ కోసం ఆపకుండా ఉచితంగా వైద్యం చేయాలి, ఇది చట్టం. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

72 గంటలు దాటిపోయాయా? అంతా అయిపోయినట్టు కాదు. హెచ్‌ఐవీ ఉండి మందులు వాడని మనిషితో కండోమ్ లేకుండా యోని ద్వారా కలిస్తే, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ అంచనా ప్రకారం 10,000 సార్లలో మగవాళ్లకు సుమారు 4, ఆడవాళ్లకు 8 సార్లు సోకుతుంది. మలద్వారం ద్వారా చేయించుకునేవాళ్లకు 138. పుండ్లు, సుఖవ్యాధులు ఉంటే ప్రమాదం పెరుగుతుంది. మందులు సరిగ్గా వాడుతూ వైరస్ కనిపించని స్థాయికి తగ్గినవాళ్ల నుంచి సెక్స్ ద్వారా సోకదు. ముద్దు, కౌగిలి, ఒకే గ్లాసులో తాగడం, దోమకాటు వల్ల అసలే రాదు. ఈ అంకెలు పరీక్ష మానేయడానికి కాదు, రాత్రి నిద్ర పట్టడానికి.

ఇక లక్షణాల వెతుకులాట. వచ్చిన చిక్కంతా ఇక్కడే. రెండు నుంచి నాలుగు వారాల్లో జ్వరం, గొంతునొప్పి, దద్దుర్లు వస్తాయని ఫోన్‌లో చదివి అద్దం ముందు నిలబడతారు. మెడ కింద గడ్డల కోసం రోజుకు పదిసార్లు వేళ్లతో నొక్కుతారు. అలా నొక్కీ నొక్కీ అక్కడే నొప్పి పుడుతుంది, ఆ నొప్పిని చూసి ఇంకా బెదిరిపోతారు. నాలుక మీద తెల్లగా ఉందని బ్రష్‌తో గీకుతారు. వానాకాలంలో ఇంటింటికీ వైరల్ జ్వరాలే. జ్వరం వచ్చిందని హెచ్‌ఐవీ ఉన్నట్టూ కాదు, రాలేదని లేనట్టూ కాదు. జ్వరం వస్తే డెంగీ, మలేరియా కూడా చూపించుకోండి. హెచ్‌ఐవీ సంగతి తేల్చేది పరీక్ష ఒక్కటే.

మొదటి రోజు చేసే పరీక్ష పాత సంగతి చెబుతుంది, నిన్నటిది కాదు. నరం నుంచి రక్తం తీసి ల్యాబ్‌లో చేసే నాలుగో తరం పరీక్ష 45 రోజులకు, ఐసీటీసీలో (ప్రభుత్వ హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రం) చేసే ర్యాపిడ్ పరీక్ష మూడు నెలలకు నమ్మదగ్గ జవాబు ఇస్తాయి. పెప్ వాడినవాళ్లు ఈ లెక్క మాత్రలు అయిపోయిన రోజు నుంచి వేసుకోవాలి. ఆ తేదీని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని, మధ్యలో వెతుకులాట ఆపండి. సిఫిలిస్, హెపటైటిస్ బి పరీక్షలు కూడా అడగండి.

ముంబై, పుణె పనుల నుంచి పండక్కి ఇంటికి వచ్చే ముందు ఇలా జరిగి ఉంటే, పరీక్ష తేలేదాకా భార్యతోనైనా భర్తతోనైనా కండోమ్ తప్పనిసరి. భార్య గర్భిణి అయినా, బిడ్డకు పాలిస్తున్నా ఇది ఇంకా ముఖ్యం. పరీక్ష ఫ్రీగా అయిపోతుందని రక్తదానం చేయొద్దు. తొలి రోజుల్లో పరీక్షకు అందని వైరస్ ఆ రక్తం ఎక్కించుకునే మనిషికి సోకుతుంది.

తెలిసినవాళ్లు చూస్తారని భయమైతే నల్లగొండవాళ్లు సూర్యాపేటకు, వనపర్తివాళ్లు మహబూబ్‌నగర్‌కు వెళ్లండి. ఐసీటీసీలో పరీక్ష ఎక్కడైనా ఉచితమే. మీ అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదని, ఫలితం బయటపెట్టకూడదని 2017 హెచ్‌ఐవీ చట్టం చెబుతోంది. ఒక కిట్ మీద గీత వచ్చినంత మాత్రాన పాజిటివ్ అని చెప్పరు, వేరే కిట్లతో మళ్లీ చూసి నిర్ధారిస్తారు. నిజంగా పాజిటివ్ అని తేలితే మందులు వెంటనే, ఉచితంగా మొదలుపెడతారు. వాటితో ఉద్యోగం, పెళ్లి, పిల్లలు అన్నీ సాధ్యమే.

గడువు దాటాక నెగెటివ్ వచ్చినా కొందరికి నమ్మకం కుదరదు. ల్యాబ్ తప్పేమో అని ఇంకోచోట, మళ్లీ ఇంకోచోట చేయించుకుంటారు. అప్పుడు ఇంకో పరీక్ష కాదు, ప్రభుత్వ ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ కావాలి. ఆందోళనకు మందు ఉంది, అది తగ్గుతుంది. చచ్చిపోవాలనే ఆలోచన ఒక్కసారి వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. ఇంట్లో నమ్మకమైన ఒక్కరిని లేపి పక్కన కూర్చోబెట్టుకుని 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్‌లో ఏ రాత్రయినా తెలుగులో మాట్లాడతారు.