పోలీసు దెబ్బలకు సివిల్ దావా, 4వ పాఠం: నోటీసు రాయడం

పోయిన పాఠంలో చెప్పినట్టు గాయాల సర్టిఫికెట్, ఎక్స్‌రే, మందుల బిల్లులు ఒక ఫైల్లో పెట్టుకున్నారు కదా? పెట్టకపోతే ముందు ఆ పని చూసుకుని రండి.

ఈ వారం నోటీసు రాద్దాం. ప్రభుత్వం మీద గానీ, డ్యూటీలో భాగంగా చేశానంటున్న పనికి పోలీసు అధికారి మీద గానీ దావా వేయాలంటే ముందు నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ చెప్పేది ఇదే. మరీ అత్యవసరమైతే కోర్టు అనుమతితో ఆగకుండా వేయొచ్చు గానీ, నష్టపరిహారం దావాకు ఆ దారి పనికిరాదు.

ఎస్సైకి ఒక్కడికే పంపి ఊరుకోవద్దు. ప్రభుత్వానికి వెళ్లాల్సిన నోటీసు కలెక్టరుకు ఇవ్వాలి, ఎస్సైది ఆయన ఆఫీసులో ఇవ్వాలి. కలెక్టరేట్‌లో తపాల్ సెక్షన్‌కు వెళ్లి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. రేపు దావాలో "నోటీసు ఇచ్చాను" అని రాసినప్పుడు ఆ ముద్రే మీ సాక్షి.

ఇప్పుడు రాత. చాలామంది తెచ్చే చిత్తుప్రతి ఇలా ఉంటుంది: "పోలీసులు నన్ను అమానుషంగా, రాక్షసంగా చితకబాదారు. న్యాయం చేయండి." కోపం సరే. తేదీ ఏది? చోటు ఏది? ఎంత అడుగుతున్నారు?

ఆదోనిలో ఒక హమాలీ ఉన్నాడనుకుందాం. ఆయన ఇలా రాయాలి:

"నేను మార్కెట్ యార్డు హమాలీని. ఫలానా తేదీ రాత్రి 9 గంటలకు ఫలానా స్టేషన్ ఎస్సై నన్ను లోపలికి తీసుకెళ్లారు. నేను ఎదురు తిరగలేదు, పారిపోబోలేదు. ఎడమ మోకాలి మీద లాఠీతో నాలుగు దెబ్బలు కొట్టారు. చిప్ప విరిగింది. 45 రోజులు పనికి పోలేదు. రోజుకు 700 చొప్పున కూలీ 31,500, వైద్యం 18,500, నొప్పికీ అవమానానికీ 1,50,000, మొత్తం 2,00,000 రూపాయలు ఇప్పించాలి."

ఇందులో ప్రాణం లాంటి వాక్యం "ఎదురు తిరగలేదు, పారిపోబోలేదు". అరెస్టుకు అడ్డుపడితే బలం వాడే అధికారం చట్టమే పోలీసుకు ఇచ్చింది. పారిపోకుండా ఆపడానికి అవసరమైనంతకు మించి నిర్బంధించకూడదని కూడా ఆ చట్టమే చెప్పింది (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 49, ఇప్పుడు దాని చోట వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 46వ సెక్షన్). ప్రభుత్వ ప్లీడరు మొదట పట్టుకునేది ఇక్కడే. నిజంగానే మీరు చెయ్యి విసిరి ఉంటే దాచకండి. "చెయ్యి విడిపించుకున్నాను, ఆ తర్వాత కింద పడేసి కొట్టారు" అని వరస తప్పకుండా రాయండి. అబద్ధం ఒక్కటి బయటపడితే విరిగిన చిప్పను కూడా నమ్మరు.

చివర్లో సీసీ కెమెరా రికార్డు భద్రపరచమని అడగండి. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు స్టేషన్లలో రికార్డును 18 నెలలు, అంత సామర్థ్యం లేకుంటే కనీసం ఏడాది ఉంచాలని చెప్పింది.

గడువు సంగతి. చట్టం కింద చేసిన పనికి దావా ఏడాదిలోపే వేయాలని ప్రభుత్వం వాదిస్తుంది (లిమిటేషన్ చట్టం 72వ ఆర్టికల్). మన కోయిలకుంట్ల సబ్‌జైలు కేసులో ఇదే జరిగింది. 1977 మే నెలలో జైలు గదిలో బాంబు పడి తండ్రి చనిపోయాడు, కొడుకు గాయాలతో బతికాడు. ముప్పు ఉందని ముందే చెప్పినా కాపలా పెంచలేదని 10 లక్షలకు దావా వేస్తే కింది కోర్టు కొట్టేసింది. హైకోర్టు మూడేళ్ల గడువే వర్తిస్తుందని 1,44,000 ఇప్పించింది. సార్వభౌమాధికారం పేరుతో, అంటే రాజ్యం చేసే పనికి దావా చెల్లదంటూ, ప్రభుత్వం తప్పించుకోలేదని 2000లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇరవై మూడేళ్లు! అందుకే మూడేళ్లుందని కూర్చోకుండా, ఏడాదే ఉందనుకుని పని కానివ్వండి. నోటీసు కాలం ఆ లెక్కలోంచి తీసేస్తారు.

ఇంటిపని: మీ నోటీసును ఒక పేజీలో రాసి, సంగతి తెలియని వాళ్లతో చదివించండి. వాళ్లు తేదీ, చోటు, మొత్తం సొమ్ము చెప్పగలగాలి. వచ్చే పాఠంలో కోర్టు ఫీజు.