కంపెనీ రికార్డులు మనమే వెతుకుదాం – 3: 21 అక్షరాల నంబర్

పోయిన భాగంలో ఎంసీఏ (కంపెనీల రికార్డులు ఉంచే కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ) సైట్‌లో మాస్టర్ డేటా పేజీ, అంటే కంపెనీ ముఖ్య వివరాలుండే పేజీ దాకా వెళ్లి ఆగాం కదా. ఈసారి సిన్, అంటే ప్రతి కంపెనీకీ విడిగా ఇచ్చే గుర్తింపు నంబర్ చదవడం నేర్చుకుందాం. పేరుతో వెతికితే ఒకేలాంటి పేర్లు నాలుగైదు వచ్చి తికమక పెడతాయి, ఈ నంబర్‌తో ఆ గొడవ లేదు. లెటర్‌హెడ్ల మీద, బిల్లుల మీద ఇది వేయాలని చట్టమే చెబుతోంది కాబట్టి అడగడానికి మొహమాటపడకండి.

డాక్టర్ రెడ్డీస్ ల్యాబొరేటరీస్‌ది చూడండి: ఎల్85195టీజీ1984పీఎల్‌సీ004507.

మొదటి ఎల్ అంటే లిస్టెడ్, అదే యూ ఉంటే స్టాక్ మార్కెట్లో లేని కంపెనీ. తర్వాతి ఐదంకెలు వ్యాపారం కోడ్, టీజీ రాష్ట్రం, 1984 రిజిస్టరైన ఏడాది, పీఎల్‌సీ అంటే పబ్లిక్ కంపెనీ (పీటీసీ అయితే ప్రైవేట్), చివరి ఆరూ రిజిస్ట్రేషన్ నంబర్. 1984లో తెలంగాణ రాష్ట్రం ఎక్కడిది అంటారా? నిజమే, అప్పుడు అక్కడ ఏపీ ఉండేది, రాష్ట్రం విడిపోయాక మార్చారు. అందుకని పాత కాగితంలో ఏపీ, కొత్తదాంట్లో టీజీ కనిపించినంత మాత్రాన కంగారుపడొద్దు, మిగతా అంకెలు కలుస్తున్నాయో లేదో చూడండి.

నేనైతే ముందు ఏడాదే చూస్తాను. మా పిన్ని కొడుకు ఒక ఫ్లాట్‌కి అడ్వాన్స్ కట్టాడు, బ్రోచర్లో ఇరవై ఏళ్ల అనుభవం అని ఉంది, నంబర్లో చూస్తే 2019. మేం వెతికేసరికి స్టేటస్ దగ్గర స్ట్రైక్ ఆఫ్ అని ఉంది, అంటే రిజిస్టర్లోంచి కంపెనీ పేరే కొట్టేశారన్నమాట. డబ్బు కట్టకముందు పది నిమిషాలు కూర్చుని ఉంటే సరిపోయేది, ఆ బాధతోనే ఈ పాఠాలు రాస్తున్నాను.

యాక్టివ్ అని ఉన్నా అక్కడితో ఆగకండి. కిందకి వెళ్తే చివరి బ్యాలెన్స్ షీట్ తేదీ ఉంటుంది, అది రెండు మూడేళ్ల పాతదైతే ఎందుకని అడగాల్సిందే. ఆథరైజ్డ్ క్యాపిటల్ పది కోట్లు అని చెబితే పెయిడప్ ఎంతో చూడండి, మొదటిది షేర్లు ఎంతవరకు ఇవ్వొచ్చో చెప్పే హద్దు మాత్రమే, రెండోదే వాటాదారులు నిజంగా పెట్టిన డబ్బు.

అసలు పేరే దొరకకపోతే? అది కంపెనీ కాకపోవచ్చు. సొంత వ్యాపారాలు, మామూలు భాగస్వామ్య సంస్థలు ఎంసీఏలో ఉండవు. అప్పుడు బిల్లు మీది 15 అక్షరాల జీఎస్టీ నంబర్ తీసుకుని ఆరో అక్షరం చూడండి: సీ అయితే కంపెనీ, పీ అయితే ఒక వ్యక్తి, ఎఫ్ అయితే భాగస్వామ్యం లేదా ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత ఉన్న భాగస్వామ్యం).

హోంవర్క్: ఇంట్లో ఉన్న ఐదు బిల్లులు తీసి ఆరో అక్షరం రాసుకోండి. సీ వచ్చినవాటి పేర్లు పక్కన పెట్టండి, వచ్చే భాగంలో వంద రూపాయలు కట్టి వాటి కాగితాలు తెరుద్దాం.