కొండ మీద ఆవ ఎండింది, గడ్డి కోసే మిషన్ తీసే ముందు ఇది చదవండి

మొన్న శనివారం మధ్యాహ్నం మా వీధి వెనక గట్టు అంటుకుంది. పక్కింటాయన ఎండిన ఆవ మొక్కలు కొడుతుంటే బ్లేడు రాయికి తగిలింది, అంతే. ఫైరింజన్ వెంటనే రాబట్టి కంచెతో పోయింది.

కాలిఫోర్నియాలో ఇల్లున్న మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మార్చిలో పిల్లల్ని నిలబెట్టి ఫోటోలు తీసుకున్న ఆ పసుపు పూల మొక్క జూన్‌కల్లా నిలువునా ఎండిపోతుంది. ఇది నల్ల ఆవ. ఈ నేలది కాదు, బయటి నుంచి వచ్చి కొండల్ని ఆక్రమించింది. ఆరడుగులు దాటి పెరుగుతుంది. ఉత్త గడ్డి మంట నేల మీదే పాకుతుంది, ఆవ కాడలుంటే చెట్ల కొమ్మల దాకా ఎక్కుతుంది.

ఇంటి చుట్టూ 100 అడుగులు శుభ్రం చేయాలని అందరికీ తెలుసు. కొంప ముంచేది ఆ శుభ్రం చేసే వేళ. వారమంతా ఆఫీసు. శనివారం తీరిగ్గా లేచి, టిఫిన్ చేసి, పదకొండింటికి మిషన్ తీస్తాం. అప్పటికి రాత్రి తేమ ఆరిపోయి, గాలి లేస్తుంది. ఉదయం 10 లోపే కోయండి. అవకపోతే మిగతాది మర్నాడు.

2018లో ఇదే కాలిఫోర్నియాలో రాంచ్ ఫైర్ అనే కార్చిచ్చు 4 లక్షల ఎకరాలకు పైగా కాల్చేసింది. ఒకాయన కందిరీగల గూడు మూయడానికి ఇనప మేకును సుత్తితో కొడితే లేచిన రవ్వతో అది మొదలైంది. సుత్తి దెబ్బకే అంతయితే, గిర్రున తిరిగే బ్లేడు సంగతి ఆలోచించండి.

లాన్ మోవర్ పచ్చటి లాన్‌కే, ఎండు ఆవ మీదికి తోయొద్దు. ఇనప బ్లేడు బదులు నైలాన్ తీగ ట్రిమ్మర్ వాడండి. ముందు రాళ్లు ఏరేయండి. నీళ్ల పైపు, పార చేతికందేలా ఉండాలి. వేడి ఇంజన్‌లో గ్యాస్ (పెట్రోలు) పోయొద్దు. ఎండుగడ్డి మీద కారు ఆపొద్దు, కారు అడుగు వేడికే అంటుకుంటుంది. కోసిన కాడలు గోడ పక్కన కుప్ప వేయొద్దు, తగలబెట్టొద్దు. పొగ కనిపిస్తే ముందు 911, ఆర్పడం తర్వాత. రెడ్ ఫ్లాగ్ వార్నింగ్ (ఎండు గాలులతో మంటల ప్రమాదం ఎక్కువని ఇచ్చే హెచ్చరిక) ఉంటే 10 లోపైనా మిషన్ ముట్టొద్దు. వచ్చే ఏడాది ఫిబ్రవరిలోనే, వాన తడి ఉండగా, గింజ పట్టకముందే వేళ్లతో సహా పీకేయండి. గార్డెనర్ మధ్యాహ్నం వస్తానంటే వద్దనండి. డబ్బులిచ్చేశామని మొహమాటపడొద్దు. 10 లోపు రమ్మనండి, లేదా వేరే మనిషిని చూసుకోండి.