బూస్ట్‌లో మిస్‌ఫైర్: ప్లగ్ గ్యాప్ తగ్గిస్తే పోయింది

ట్యూన్ చేయించాక (శక్తి పెరిగేలా ఇంజిన్ సెట్టింగ్‌లు మార్పించాక) నా టర్బో కారు బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టడం) ఎక్కగానే మిస్‌ఫైర్ అయి, అంటే ఇంధనం సరిగ్గా మండక, కుదిపేసేది. నెమ్మదిగా నడిపితే ఏ ఇబ్బందీ లేదు. బూస్ట్ పెరిగితే సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడిలో స్పార్క్ దూకాలంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. స్పార్క్ ప్లగ్ ఎలక్ట్రోడ్ల మధ్య గ్యాప్ ఎక్కువైతే, వోల్టేజీ ఇచ్చే కాయిల్ అంత ఇవ్వలేకపోతుంది. 0.8 మి.మీ. ఉన్న గ్యాప్‌ని 0.65కి తగ్గించాను, కుదుపు పోయింది.

ఇరిడియం ప్లగ్‌తో మాత్రం చాలా జాగ్రత్త! మధ్య ఎలక్ట్రోడ్ కొన సన్నగా, పెళుసుగా ఉంటుంది. గ్యాప్ కొలిచే గేజ్‌ని దానికి ఆనించి వంచితే విరిగిపోతుంది. పైనున్న పట్టీనే కొద్దికొద్దిగా కదిలించి, వైర్ గేజ్‌తో చూసుకోవాలి.

వేడిని త్వరగా బయటికి పంపేలా ఒక మెట్టు కోల్డ్ ప్లగ్ తీసుకున్నాను. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్‌లలో హీట్ రేంజ్ అంకె పెరిగితే కోల్డ్, బాష్ కంపెనీవాటిలో తగ్గితే కోల్డ్. కొనేముందు ఇది తప్పక చూడండి. ఇంజిన్ చల్లారాకే, టార్క్ రెంచ్‌తో బిగించండి.