సున్నా వడ్డీకి బాకీ మార్చుకున్నాను, ఇలా

పాత క్రెడిట్ కార్డు బాకీ మీద వడ్డీ నెలనెలా పేరుకుపోతుంటే, సున్నా వడ్డీ ఆఫర్ ఉన్న కొత్త కార్డుకు మార్చేశాను. ముందు బాకీ మార్చినందుకు పడే ఫీజు లెక్క వేసుకున్నా: 3 శాతమైతే లక్షకు 3,000 మొదటి రోజే బాకీలో కలుస్తుంది. పాత కార్డు వడ్డీ నెలకు 3 శాతం, అంటే ఒక్క నెలకే ఆ ఫీజు గిట్టుబాటు.

అసలు తిరకాసు కొత్త కొనుగోళ్ల దగ్గరుంది. సున్నా వడ్డీ అనేది మార్చిన బాకీకే. అదే కార్డు గీకితే ఆ ఖర్చుకు చాలాసార్లు మొదటి రోజు నుంచే మామూలు వడ్డీ. అందుకే దాన్ని బీరువాలో పడేశాను. నెలనెలా కట్టాల్సిన కనీస మొత్తానికి ఆటోపే పెట్టా, ఎందుకంటే ఒక్క వాయిదా తప్పినా ఆఫరే రద్దయ్యే షరతుంది (చిన్న అక్షరాల్లో, ఎప్పటిలాగే).

నెలనెలా మిగిలింది సేవింగ్స్‌లో వేశాను. దాని వడ్డీ పెద్దగా ఏం రాలేదు, పన్ను పోగా ఇంకా తగ్గింది. సున్నా వడ్డీ గడువు ముగియడానికి నెల ముందే మొత్తం తీసి బాకీ కట్టేశాను.