ఇంట్లో ఫొటో ప్రింటు సరిగా రాకపోతే: లక్షణం, కారణం, పరిష్కారం

చెన్నై మైలాపూరులో జరిగిన మా పెద్దమామయ్య షష్టిపూర్తి ఫొటోలను ఆల్బంగా కూర్చి ఆయన చేతికివ్వాలన్న కోరికతో, ఇంట్లోని ఇంకు ట్యాంకు ప్రింటరు మీద ఏ4 ప్రింట్లు తీయడం మొదలుపెట్టాను. మొదటి ప్యాకెట్టు కాగితం దాదాపు అంతా వృథా అయింది. తరువాత ఒక్కొక్క ప్రింటునూ ఫైలు పక్కన పెట్టి పరిశీలిస్తే, ప్రింటరు లోపం వల్ల పాడైనది ఒక్కటే కనిపించింది. తక్కినవన్నీ ఫైలును సిద్ధం చేయడంలో, సెట్టింగులు ఎంచుకోవడంలో జరిగిన పొరపాట్లే.

కాబట్టి మొట్టమొదట నాజిల్ చెక్ (ఇంకు చిమ్మే సన్నని రంధ్రాలు పనిచేస్తున్నాయో లేదో చూపే పరీక్ష గీతల) ప్రింటు తీయండి. అందులో గీతలు ఎక్కడైనా తెగి ఉంటే అది ప్రింటరు సంగతి; హెడ్ క్లీనింగ్ (ఆ రంధ్రాలను శుభ్రం చేసే ఎంపిక) చేసి, గీతలన్నీ నిండుగా వచ్చేవరకు ఫొటో జోలికి వెళ్లకండి. గీతలు నిండుగా ఉన్నాయంటే వెతకవలసింది ఫైలులోనూ సెట్టింగుల్లోనూ. అక్కడి నుంచి ఒకసారికి ఒక్క మార్పే చేసి, 4×6 అంగుళాల చిన్న కాగితం మీద పరీక్షించండి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తేలదు.

తెర మీద బాగున్న ఫొటో ప్రింటులో చీకటిగా వచ్చింది

తెర తనంతట తాను వెలుగునిస్తుంది. కాగితం తన మీద పడిన వెలుగును మాత్రమే తిప్పి పంపుతుంది. ల్యాప్‌టాప్ బ్రైట్‌నెస్‌ను పూర్తిగా పెంచి ఫొటోను సవరిస్తే, అసలు ఫైలులో ఉన్న చీకటి మన కంటికి తెలియదు. ప్రింటు కోసం పనిచేసేవారు మానిటరు వెలుగును చదరపు మీటరుకు 80 నుంచి 120 క్యాండెలాల మధ్య ఉంచుకుంటారు. కొలిచే పరికరం లేనివారు ఒక తెల్ల కాగితాన్ని తెర పక్కన పట్టుకుని, తెర మీద ఖాళీ తెల్ల పేజీ తెరిచి, రెండూ ఇంచుమించు ఒకే తెలుపుగా కనిపించేవరకు బ్రైట్‌నెస్ తగ్గిస్తే చాలు. రాత్రివేళ తెరను పసుపు చేసే నైట్ మోడ్ వంటివి ఆపివేయాలి. ఇలా సరిచేసిన తెర మీద ఫొటో చీకటిగా అనిపిస్తే, ఎడిటింగ్ సాఫ్ట్‌వేరులో వెలుగునీడలను గీతతో సవరించే కర్వ్స్‌లో మధ్యస్థ ఛాయలను కొంచెం పైకి ఎత్తండి. బ్రైట్‌నెస్ పట్టీని జరిపితే మొత్తం చిత్రం వెలిసినట్లయ్యే ప్రమాదం ఉంది.

ప్రింటును ఏ వెలుగులో చూస్తున్నామన్నదీ ముఖ్యమే. పసుపు ఎల్ఈడీ బల్బు కింద చూసి రంగులు తప్పాయని నిర్ణయించకూడదు. ముద్రణ రంగంలో 5000 కెల్విన్ల వెలుగును ప్రమాణంగా పాటిస్తారు. ఇంట్లో అయితే ఉదయం తొమ్మిది గంటల ప్రాంతంలో, నేరుగా ఎండ పడని కిటికీ పక్కన చూడటం మేలు.

పట్టుచీర ఎరుపు ముద్దకట్టింది, మడతలు కనబడటం లేదు

నన్ను అన్నిటికంటే ఎక్కువ శ్రమపెట్టినది ఇదే. మా అత్తయ్య కట్టుకున్న కంచిపట్టు చీర, ఇక్కడి దుకాణాల్లో అరక్కు అని పిలిచే లక్క ఎరుపు. ప్రింటులో అది ఒకే ఎర్రటి అట్టముక్కలా వచ్చింది. దీనికి రెండు కారణాలుంటాయి, వాటిని విడదీసి చూడాలి.

మొదటిది ఫైలులోనే ఉంటుంది. గాఢమైన ఎరుపును కెమెరా పట్టుకున్నప్పుడు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు రంగు చానళ్లలో ఎరుపు చానల్ ఒక్కటే గరిష్ఠ విలువ 255ను తాకి నిలిచిపోతుంది. అన్ని చానళ్లకూ కలిపి చూపించే హిస్టోగ్రాం అనే వెలుగు పంపిణీ పటంలో ఇది కనిపించకపోవచ్చు కాబట్టి, ఎరుపు, ఆకుపచ్చ, నీలాలను విడివిడిగా చూడండి. ఎరుపు రేఖ కుడి గోడకు ఆనుకుని ఉంటే, రా ఫైలు (కెమెరా సెన్సరు పట్టినదాన్ని సవరించకుండా దాచిన ఫైలు) ఉన్నవారు ఎక్స్‌పోజర్ తగ్గించి మడతల వివరాలను చాలావరకు వెనక్కి తెచ్చుకోవచ్చు. జేపెగ్ మాత్రమే ఉంటే పోయిన వివరం తిరిగి రాదు.

రెండవది ఇంకు పరిమితి. తెర చూపగలిగిన కొన్ని ఎరుపులను ఇంకు, కాగితం కలిసి చూపలేవు. అప్పుడు వేర్వేరుగా ఉండవలసిన దగ్గరి ఎరుపులన్నీ కాగితం మీద ఒకే ఎరుపుగా కలిసిపోతాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేరులో ఆ కాగితపు ప్రొఫైలును (దాని మీద రంగులు ఎలా పడతాయో చెప్పే ఫైలును) ఎంచుకుని సాఫ్ట్ ప్రూఫ్ (ప్రింటు ఎలా వస్తుందో తెర మీదే చూపే నమూనా) చూస్తే, ఏ భాగాలు ఇంకుకు అందవో ముందే తెలుస్తుంది. ఇంకుకు అందని రంగులను ఎలా సర్దాలో చెప్పే రెండరింగ్ ఇంటెంట్‌ను రిలేటివ్ కలరిమెట్రిక్ నుంచి పర్సెప్చువల్‌కు మార్చి చూడండి. అది చాలకపోతే చీర భాగంలో మాత్రమే ఎరుపు సాచురేషన్‌ను కొద్దికొద్దిగా తగ్గించండి. ఎరుపు ఘాటు కాస్త తగ్గుతుంది, కానీ మడతలు తేలతాయి. ఈ మార్పిడి చేసుకోదగినదేనని నా నమ్మకం. జరీ మెరుపును మామూలు ఇంకు ఎలాగూ ఇవ్వలేదు. పసుపు, గోధుమ ఛాయల మధ్య చిన్న చిన్న వెలుగు చుక్కలను కాపాడితేనే అది జరీ అని కన్ను నమ్ముతుంది. ఇలాంటి ఫొటోలకు మ్యాట్ కాగితం కంటే గ్లాసీ కాగితం మంచిది, ఎందుకంటే గాఢమైన రంగులూ లోతైన నలుపూ దాని మీదే బాగా నిలుస్తాయి.

రంగులన్నీ పాలిపోయాయి

ఫైలులోని అంకెలు ఏయే రంగులో చెప్పే కొలమానాన్ని కలర్ స్పేస్ అంటారు; అడోబీ ఆర్‌జీబీ, ఎస్ఆర్‌జీబీ, డిస్‌ప్లే పీ3 అలాంటివే. అడోబీ ఆర్‌జీబీలో ఉన్న ఫైలును ప్రోగ్రాము ఎస్ఆర్‌జీబీ అనుకుని చదివితే రంగులు నీరసిస్తాయి. ఐఫోన్లు 2016 నుంచి డిస్‌ప్లే పీ3లో తీస్తున్నాయి కాబట్టి, వాటి ఫొటోలలోని ప్రొఫైలును (ఏ కలర్ స్పేసో చెప్పే గుర్తును) పట్టించుకోని ప్రోగ్రాముల్లో వాటికీ ఇదే జరగవచ్చు. పరిష్కారం ఫైలును ఎస్ఆర్‌జీబీకి కన్వర్ట్ చేసి, ప్రొఫైలును అందులోనే పొదిగి భద్రపరచడం. అసైన్ అనే ఎంపికను నొక్కకండి. అది రంగు విలువలను అలాగే ఉంచి, వాటి అర్థాన్ని మాత్రమే మారుస్తుంది.

ముఖాలు గులాబీగానో ఆకుపచ్చగానో మారాయి

నాజిళ్లు సరిగా ఉన్నాయంటే, రంగుల సవరణ రెండుసార్లు జరిగినట్లే అనుకోవాలి: ఒకసారి ఎడిటింగ్ ప్రోగ్రాము, మరొకసారి ప్రింటరు డ్రైవరు (కంప్యూటరులో ప్రింటరును నడిపే ప్రోగ్రాము). ఎవరో ఒకరికే ఆ పని అప్పగించాలి. ప్రోగ్రాముకు అప్పగిస్తే ఎప్సన్ డ్రైవరులో నో కలర్ అడ్జస్ట్‌మెంట్‌నూ, కెనన్‌లో నన్ (None) అనే ఎంపికనూ పెట్టాలి. చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీటులో చవకగా దొరికే, తయారీదారు వివరం లేని కాగితానికి ప్రొఫైలు దొరకదు. అప్పుడు డ్రైవరుకే వదిలేసి, కాగితం రకాల జాబితాలో దానికి దగ్గరగా ఉన్న రకాన్ని ఎంచుకోవడమే మార్గం.

వివరాలు మసకగా, అంచులు మెట్లుమెట్లుగా ఉన్నాయి

అంగుళానికి 300 పిక్సెళ్లు ఉంటే చేతిలో పట్టుకుని చూసే ప్రింటుకు సరిపోతుంది. 4×6కు 1200×1800, ఏ4కు 2480×3508 పిక్సెళ్లు కావాలి. బంధువులు వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించి వస్తుంది. నాకు అందిన ఒక ఫైలు పొడవు 1600 పిక్సెళ్లు. ఏ4 మీద అది అంగుళానికి 137 పిక్సెళ్లే అయింది. సాఫ్ట్‌వేరుతో పెంచి సరిపెట్టుకోవడం కంటే, అదే ఫొటోను డాక్యుమెంటుగా మళ్లీ పంపమని అడగడం ఎంతో నయం. పాత 4×6 ఫొటోను స్కాన్ చేసి రెండింతలు పెద్దదిగా ప్రింటు తీయాలంటే 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయాలి. అంచులకు పదును పెట్టే షార్పెనింగ్‌ను ఫొటోను చివరి పరిమాణానికి మార్చిన తరువాతే చేయండి. సవరణల మధ్యలో ఫైలును టిఫ్‌గా ఉంచుకోండి, ఎందుకంటే జేపెగ్‌ను మార్చి భద్రపరిచిన ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది.

తలలు, అంచులు తెగిపోయాయి

ఫోను ఫొటో సాధారణంగా 4:3 నిష్పత్తిలో ఉంటుంది, 4×6 కాగితం 3:2. ప్రింటరుకు వదిలేయకుండా, కాగితం నిష్పత్తికి మీరే క్రాప్ చేసుకోండి. చుట్టూ తెల్ల అంచు లేని బోర్డర్‌లెస్ ప్రింటులో డ్రైవరు చిత్రాన్ని కాగితం కంటే కాస్త పెద్దది చేస్తుంది కాబట్టి, క్రాప్ చేసేటప్పుడు తలల చుట్టూ కొంత ఖాళీ మిగిల్చాలి.

ఆకాశంలో చారలు

మెరీనా తీరంలో సూర్యోదయం ఫొటోలో అడ్డంగా, సమాన దూరంలో గీతలు పడితే అవి నాజిళ్లవో, కాగితం కదలికవో. ఆకాశపు ఛాయలు మెట్లుగా విడిపోయి, తెర మీద కూడా అలాగే కనిపిస్తే, 8 బిట్ల (ఒక్కో చానల్‌కు 256 ఛాయలే ఉండే) జేపెగ్‌ను అతిగా సవరించారన్నమాట. రా ఫైలు నుంచి 16 బిట్లలో సవరణ మళ్లీ మొదలుపెట్టాలి.

ఇంకు ఆరడం లేదు, ముట్టుకుంటే చెదురుతోంది

ముందుగా పూత ఉన్న వైపే ప్రింటు పడిందేమో చూడండి. తరువాత డ్రైవరులో కాగితం రకం చూడండి; కొన్ని ప్రింటర్లలో నలుపు పిగ్మెంటు (సన్నని రేణువుల) ఇంకు, తక్కిన రంగులు డై (కరిగిన రంగు) ఇంకు. గ్లాసీ కాగితం పెట్టి ప్లెయిన్ పేపర్ అని ఎంచుకుంటే, ఆ పిగ్మెంటు నలుపు కాగితంలోకి ఇంకక పైనే నిలిచిపోతుంది. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే వానల్లో గాలిలోని తేమ వల్ల ఈ ఇబ్బంది ఇంకా పెరుగుతుంది, కాగితం అంచులు వంకర తిరుగుతాయి. మిగిలిన కాగితాలను సిలికా జెల్ పొట్లంతో పాటు మూసిన సంచిలో ఉంచండి. ప్రింటును ఒక రోజు విడిగా ఆరనిచ్చాకే ఫ్రేములో పెట్టండి. అద్దానికి, ఫొటోకు మధ్య మౌంటు అట్ట ఉండాలి; లేకపోతే తేమకు ఫొటో అద్దానికి అతుక్కుపోయి, విడదీసేటప్పుడు పైపూత ఊడివస్తుంది.