రిటైరైన పైలట్ కన్నుమూస్తే స్మృతి వ్యాసం ఎలా రాయాలి? లాగ్‌బుక్‌తో మొదలుపెట్టండి

ఎయిర్‌లైన్ పైలట్‌గా రిటైరైన పెద్దాయన పోయినప్పుడు వచ్చే నాలుగు ముక్కలు దాదాపు ఒకేలా ఉంటాయి. "ఎయిర్ ఇండియాలో 40 ఏళ్లు, 50 వేల గంటలు, ఆకాశమే ఆయన ఇల్లు." బంధువులు చదివి కళ్లు తుడుచుకుంటారు. ఆయన పక్క సీట్లో కూర్చుని పనిచేసినవాళ్లు మాత్రం మొదటి వాక్యంలోనే ఆగిపోతారు. ఆయన చేసింది అప్పట్లో వేరే సంస్థ అయిన ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో. ఏడాదికి 1,000 గంటలకు మించి నడపకూడదన్నది నిబంధన కాబట్టి, 40 ఏళ్లు గరిష్ఠంగా నడిపినా 40 వేలు దాటవు. ఇలాంటి తప్పులు పడకుండా, కాస్త మనిషి కనిపించేలా రాయడానికి ఏం చేయాలో ఇక్కడ వరసగా చెబుతున్నాం. ఇవి మన దేశపు ఎయిర్‌లైన్ పైలట్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి.

మొదటి రోజు: నాలుగు వాక్యాలు చాలు

వెంటనే పెద్ద వ్యాసం జోలికి పోవద్దు. పేరు, వయసు, ఎక్కడ ఎప్పుడు కన్నుమూశారు, ఏ సంస్థలో ఏ హోదాలో రిటైరయ్యారు, అంత్యక్రియలు ఎక్కడ, ఎన్ని గంటలకు. అంతే. నమూనా ఇలా ఉండొచ్చు:

"ఇండియన్ ఎయిర్‌లైన్స్ మాజీ కమాండర్ కెప్టెన్ ఫలానా (78) మంగళవారం ఉదయం హైదరాబాద్‌లో కన్నుమూశారు. 1969లో కో-పైలట్‌గా చేరి, ఆవ్రో, బోయింగ్ 737, ఎయిర్‌బస్ ఏ300 విమానాలు నడిపి 2005లో రిటైరయ్యారు. అంత్యక్రియలు బుధవారం ఉదయం 11 గంటలకు జరుగుతాయి."

పూర్తి పుట్టిన తేదీ, ఇంటి నంబరు, లైసెన్స్ ఫొటో పెట్టొద్దు. ఇంటిల్లిపాదీ శ్మశానానికి వెళ్లే సమయాన్ని ఇంటి చిరునామాతో కలిపి ఊరందరికీ చెప్పడం దొంగలకు ఆహ్వానమే. చిరునామా అడిగినవాళ్లకు ఫోన్‌లో చెప్పండి. పత్రికలో శ్రద్ధాంజలి ప్రకటన ఇవ్వాలంటే మరణ ధ్రువీకరణ గానీ శ్మశానం రసీదు గానీ, ఇచ్చేవారి గుర్తింపు కార్డు గానీ అడగొచ్చు. నకళ్లు సిద్ధంగా ఉంచుకోండి.

ఈ కబురు వెళ్లాల్సిన చోట్లు రెండున్నాయి. ఇండియన్ ఎయిర్‌లైన్స్ వాళ్లయితే ఇండియన్ కమర్షియల్ పైలట్స్ అసోసియేషన్ పాత సభ్యులకు, పాత ఎయిర్ ఇండియా వాళ్లయితే ఇండియన్ పైలట్స్ గిల్డ్ పాత సభ్యులకు. ఒక్కరికి చేరితే చాలు, మిగతావాళ్లకు వాళ్లే చెప్పుకుంటారు.

పెద్ద వ్యాసానికి గడువు మీ ఇంటి పద్ధతే చెబుతుంది. పదకొండో రోజో పదమూడో రోజో, చర్చిలో జ్ఞాపకార్థ కూడికో, నలభయ్యో రోజో. ఈ లోపు చేయాల్సిన అసలు పని ఒకటుంది.

లాగ్‌బుక్ చదవడం

ప్రతి పైలట్‌కూ తన ఫ్లైట్లన్నీ రాసుకునే లాగ్‌బుక్ ఉంటుంది, సాధారణంగా ఒకటి కంటే ఎక్కువ. బీరువాలో పట్టుచీరల కిందో, పాత ఫ్లైట్ బ్యాగ్‌లోనో దొరుకుతుంది. తేదీ, విమానం రకం, దాని రిజిస్ట్రేషన్ (మన దేశపు విమానాలకు 'వీటీ' అక్షరాలతో మొదలవుతుంది), ఎక్కడి నుంచి ఎక్కడికి, కమాండ్‌లో (అంటే విమానానికి బాధ్యుడైన ప్రధాన పైలట్‌గా) ఉన్నారా కో-పైలట్‌గానా, పగలు ఎంత, రాత్రి ఎంత, చివర 'రిమార్క్స్' గడి. కుటుంబాలు ఎక్కువగా బోల్తా పడేది మొత్తం గంటల దగ్గరే. అందుకు కారణాలు ఇవీ.

ప్రతి పేజీ అడుగున 'క్యారీడ్ ఫార్వర్డ్' మొత్తం, అంటే అప్పటిదాకా అయిన గంటలన్నీ కలిపిన అంకె ఉంటుంది. రెండో పుస్తకం మొదటి పేజీలోకి మొదటి పుస్తకం మొత్తం వచ్చి చేరుతుంది. మూడు పుస్తకాల చివరి మొత్తాలూ కలిపితే మొదటి పుస్తకంలోని గంటలు మూడుసార్లు లెక్కకొస్తాయి. 50 వేల గంటలు పుట్టేది ఇలాగే. చివరి పుస్తకం చివరి పేజీలో ఉన్న ఒక్క అంకెనే తీసుకోండి.

మధ్యలో పేజీ చిరిగి మీరే కూడాల్సి వస్తే, 7.45 అని రాసి ఉన్నది 7 గంటల 45 నిమిషాలు. క్యాలిక్యులేటర్‌లో 7.45కు 6.30 కలిపితే 13.75 వస్తుంది; అసలు జవాబు 14 గంటల 15 నిమిషాలు. గంటలు వేరుగా, నిమిషాలు వేరుగా కూడి, నిమిషాల మొత్తాన్ని 60తో భాగించండి.

సిమ్యులేటర్ (నేల మీద ఉండే శిక్షణ యంత్రం) గంటలు ఇందులో కలపకూడదు. ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్ల పుస్తకాల్లో హైదరాబాద్ పేరు పదేపదే కనిపిస్తుంది. ఆయన హైదరాబాద్ వాడు కాకపోయినా సరే. సంస్థ శిక్షణ కేంద్రం, పైలట్ల నోట 'సీటీఈ', బేగంపేట విమానాశ్రయానికి పక్కనే ఉండేది. సిమ్యులేటర్ చెక్‌ల (పరీక్షల) కోసం దేశం నలుమూలల నుంచీ అక్కడికే వచ్చేవారు.

తేదీల విషయంలోనూ జాగ్రత్త. పైలట్లు చాలామంది అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో రాసుకుంటారు. మన సమయం దానికి ఐదున్నర గంటలు ముందు. తెల్లవారుజామున 3 గంటలకు బొంబాయిలో లేచిన విమానం లాగ్‌బుక్‌లో ముందురోజు రాత్రి తొమ్మిదిన్నర అని, ముందురోజు తేదీతో ఉంటుంది. "నేను పుట్టిన రోజున నాన్న ఎక్కడున్నారు" అని వెతికేవాళ్లు ఇది మరిచిపోతే వేరే ఊరు దొరుకుతుంది.

మొత్తం రాసుకున్నాక, మొదటి నుంచి చివరి దాకా నాలుగు తేదీలు పట్టుకోండి: మొదటి సోలో (ఒంటరిగా నడిపిన ఫ్లైట్), ఎయిర్‌లైన్‌లో మొదటి ఫ్లైట్, కమాండ్ వచ్చాక మొదటి ఫ్లైట్, రిటైరైన రోజు ఫ్లైట్. చివరిదాని పక్కన తోటి సిబ్బంది సంతకాలు ఉన్నా ఉండొచ్చు. కమాండ్ వచ్చిన తేదీ పైలట్ జీవితంలో పెళ్లిరోజు లాంటిది. కుటుంబం రాసే వ్యాసాల్లో ఎక్కువగా తప్పిపోయేదీ అదే.

తర్వాత ఖాళీలు చూడండి. రోజూ ఎగిరే మనిషి ఆరు నెలలు ఎగరలేదంటే కారణం ఉంటుంది. కొత్త రకం విమానానికి మారే శిక్షణ కావచ్చు, మెడికల్ పరీక్షలో ఆగిపోయి ఉండొచ్చు. 1990లో ఎయిర్‌బస్ ఏ320 పైలట్లకు ఖాళీ కనిపిస్తే అది ఆయన తప్పు కాదు; ఆ ఫిబ్రవరి 14న బెంగళూరు ప్రమాదం తర్వాత ఆ రకం విమానాలన్నిటినీ ప్రభుత్వం నెలల తరబడి నేల మీదే ఉంచింది. 1992 డిసెంబర్, 1993 జనవరి ఖాళీ ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్ల సమ్మె కాలం.

లాగ్‌బుక్‌లో కొన్ని వరసలు మామూలు ఫ్లైట్ల మధ్య మామూలుగానే కూర్చుని ఉంటాయి. 1990 ఆగస్టు, సెప్టెంబర్, అక్టోబర్‌లలో అమ్మాన్ (జోర్డాన్ రాజధాని)–బొంబాయి అని పదే పదే ఉంటే, ఇరాక్ ఆక్రమించిన కువైట్ నుంచి లక్షా 70 వేల మందికి పైగా భారతీయులను తీసుకొచ్చిన పనిలో ఆయన ఉన్నట్టు. 1960లలో మద్రాస్–నాగ్‌పూర్–మద్రాస్ రాత్రి ఫ్లైట్ ఉంటే అది ఉత్తరాల విమానం. నాలుగు మహానగరాల నుంచి వచ్చిన విమానాలు నడిరాత్రి నాగ్‌పూర్‌లో కలిసి, టపా సంచులు మార్చుకుని, తెల్లారేలోపు వెనక్కి వెళ్లేవి. ఇలాంటి వరస ఒకటి దొరికితే దాని మీద ఒక పేరా రాయండి. పది విశేషణాలకు అది సమానం.

సంస్థ పేరు, ఊరి పేరు

1953 ఆగస్టు 1న విమాన సంస్థలు జాతీయమయ్యాయి. బేగంపేట కేంద్రంగా డకోటా విమానాలు నడిపిన డెక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసింది. అప్పటి నుంచి దేశం లోపల తిరిగేది ప్రధానంగా ఇండియన్ ఎయిర్‌లైన్స్, విదేశాలకు వెళ్లేది ఎయిర్ ఇండియా. 2007లో విలీనమయ్యేదాకా రెండూ వేరు వేరు ఉద్యోగాలు, వేరు సీనియారిటీ జాబితాలు. ఇప్పుడు ఎయిర్ ఇండియా ఒక్కటే మిగిలింది కదా అని 1975 నాటి హైదరాబాద్–ఢిల్లీ పైలట్‌ను ఎయిర్ ఇండియా ఖాతాలో వేయొద్దు. ప్రైవేటులో పనిచేసినవారి విషయంలో మూతబడిన సంస్థ పేరును అప్పటి పేరుతోనే రాయండి.

2008 మార్చి 23కు ముందు లాగ్‌బుక్‌లో హైదరాబాద్ అంటే బేగంపేట. ఆ తర్వాత అంటే శంషాబాద్. హైదరాబాద్ కోడ్ అక్షరాలు (HYD) కూడా శంషాబాద్‌కే వెళ్లిపోయాయి కాబట్టి కోడ్ చూసి పొరబడొచ్చు.

'కెప్టెన్' అన్న మాట కూడా చూసుకోండి. సైన్యంలో అది ర్యాంకు, ఎయిర్‌లైన్‌లో హోదా. వైమానిక దళం నుంచి వచ్చినవారైతే అక్కడి ర్యాంకును వేరే వాక్యంలో చెప్పండి, రెండూ కలిపి కిచిడీ చేయొద్దు. ఇక 'తొలి' అనే మాట. డెక్కన్ ఎయిర్‌వేస్‌లో నడిపిన ప్రేమ్ మాథుర్‌ను దేశపు తొలి మహిళా కమర్షియల్ పైలట్ అంటారు. దుర్బా బెనర్జీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో తొలి మహిళా పైలట్. ఇద్దరి ముందూ 'తొలి' ఉంది, కానీ దేనిలో తొలి అన్నది వేరు. 'తొలి తెలుగు పైలట్' అని రాయాలనిపిస్తే, ఏ సంస్థలో, ఏ విమానం మీద, ఏ ఏడాది అన్న మూడింటికీ కాగితం దొరికితేనే రాయండి. దొరక్కపోతే 'తొలితరం' అనండి, ఎవరూ తప్పుపట్టరు.

ఫొటోలు

విమానం ముందు నిలబడ్డ ఫొటో కింద ఏదో ఒక పేరు రాసేయడం మామూలే. ఇవి చూస్తే పొరపాటు పడరు: తోక కింద చిన్న చక్రంతో ముక్కెత్తి నిలబడితే డకోటా. నాలుగు ప్రొపెల్లర్లు, పెద్ద కోడిగుడ్డు కిటికీలు ఉంటే వైకౌంట్ (1957 నుంచి). రెక్క పైభాగాన, రెండు ప్రొపెల్లర్లు ఉంటే ఫోకర్ ఫ్రెండ్‌షిప్. రెక్క కిందన ఉంటే ఆవ్రో. తోక దగ్గర రెండు జెట్ ఇంజన్లయితే కారవెల్. రెక్క కింద సన్నటి చుట్టల్లాంటి ఇంజన్లు ఉంటే బోయింగ్ 737-200. ఇండియన్ ఎయిర్‌లైన్స్ తొలి ఏ320లకు ఒక్కో ప్రధాన కాలికి నాలుగేసి చక్రాలుండేవి, ఇప్పటి వాటికి రెండే. భుజం మీద నాలుగు పట్టీలుంటే ఆ ఫొటో కమాండ్ వచ్చాక తీసింది.

జిగురు ఆల్బమ్‌లో అతుక్కుపోయిన ఫొటో పీకొద్దు, పైపొర ఊడొస్తుంది. ఆల్బమ్‌లో ఉండగానే కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట, ఫ్లాష్ లేకుండా తీయండి. దండ వేయడానికి 12×18 అంగుళాల ప్రింట్ కావాలంటే 3,600×5,400 పిక్సెళ్లు మేలు. 2,400×3,600కు తగ్గితే మొహం మసకబారుతుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుదించేస్తుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపండి.

తోటివాళ్లను అడగడం

"ఆయన గురించి ఏమైనా చెప్పండి" అంటే "చాలా మంచివారు, గొప్ప క్రమశిక్షణ" అనే వస్తుంది. ప్రశ్న చిన్నదిగా, పనికి సంబంధించినదిగా ఉండాలి. "సర్, ఆయన మీకు కమాండ్ చెక్ ఇచ్చినప్పుడు ఏం అడిగారు?" "వాతావరణం బాగోలేనప్పుడు ల్యాండింగ్ వదిలేసి వెనక్కి తిప్పేవారా, ఇంకోసారి ప్రయత్నించేవారా?" "కాక్‌పిట్‌లో ఆయనకు విసుగు తెప్పించేది ఏమిటి?" ముగ్గురు చాలు: ఆయనకన్నా సీనియర్ ఎవరైనా ఉంటే ఒకరు, ఆయన దగ్గర శిక్షణ పొందినవారు ఒకరు, క్యాబిన్ సిబ్బందిలోనో ఇంజినీర్లలోనో ఒకరు. వయసు 80 దాటినవారికి సాయంత్రం కాకుండా ఉదయం పదింటికి ఫోన్ చేయండి. లాగ్‌బుక్‌లో దొరికిన ఒక తేదీ, ఒక రూటు ముందే చెబితే జ్ఞాపకం తెరుచుకుంటుంది.

ప్రమాదమో హైజాకో ఉంటే

దాచొద్దు, తీర్పూ చెప్పొద్దు. దర్యాప్తు నివేదిక ఉంటే దాని మాటల్లోనే రెండు వాక్యాలు. అంతర్జాతీయ నియమాల ప్రకారం ఆ నివేదికల ఉద్దేశం మళ్లీ జరగకుండా చూడడమే, తప్పు ఎవరిదో తేల్చడం కాదు. ఆ రోజు అయినవాళ్లను పోగొట్టుకున్న ప్రయాణికుల కుటుంబాలు కూడా మీ వ్యాసం చదవొచ్చు. "ఒక్క ప్రమాదం లేకుండా" అన్న పొగడ్త కూడా వద్దనే మా సలహా. ప్రమాదంలో చిక్కుకున్న మరో మంచి పైలట్‌ను అది పరోక్షంగా తక్కువ చేస్తుంది.

రాయడం

500 నుంచి 700 మాటలు. ఆయన పుట్టుకతో మొదలుపెడితే విమానం ఎక్కేసరికి సగం పేజీ అయిపోతుంది. లాగ్‌బుక్‌లో దొరికిన ఆ ఒక్క ఫ్లైట్‌తో మొదలుపెట్టి, తర్వాత వెనక్కి వెళ్లండి. 'చివరి టేకాఫ్', 'అనంత గగనంలోకి' లాంటివి కొట్టేయండి. కన్నుమూశారు అనే అర్థంలో పైలట్లు తమలో తాము వాడే 'గాన్ వెస్ట్' అన్న మాటను 'పడమటికి వెళ్లారు' అని తెలుగు చేస్తే అమెరికా వెళ్లారనుకుంటారు. అచ్చుకు ముందు ఆ ముగ్గురిలో ఒకరికి చదివి వినిపించండి. తప్పు చెప్పడానికి మొహమాటపడతారు, కాబట్టి "బాగుందా సర్" అనకండి. "ఇందులో ఏ అంకె తప్పు సర్" అని అడగండి.

సభ రోజు

లాగ్‌బుక్ బల్లమీద పెట్టాలనుకుంటే ఒక్క పేజీ తెరిచి పైన అద్దం పెట్టండి. పసుపు, కుంకుమ, దీపం నూనె అసలు ఫొటోకు, అసలు పుస్తకానికి తగలనివ్వొద్దు. దండలూ బొట్లూ ప్రింట్‌కే. యూనిఫాం మీది రెక్కల బ్యాడ్జ్ మెరవాలని చింతపండుతో తోమొద్దు, పూత పోతుంది. పొడి మెత్తటి గుడ్డ చాలు.

సభ అయ్యాక లాగ్‌బుక్ అన్ని పేజీలూ 300 డీపీఐలో స్కాన్ చేయించి, పుస్తకం సంఖ్య, ఏడాది, పేజీ వరసలో ఫైళ్లకు పేర్లు పెట్టి రెండు చోట్ల దాచండి. అసలు పుస్తకాన్ని నాఫ్తలీన్ ఉండలకు దూరంగా, తడి, చెదలు లేని పై అరలో, నూలు గుడ్డలో చుట్టి పెట్టండి. ఫొటోల వెనక పేర్లు మెత్తటి పెన్సిల్‌తో రాయండి. బాల్‌పెన్ నొక్కు ముందువైపు తేలుతుంది. పక్కన నిలబడ్డవాళ్ల పేర్లు మీకు తెలియకపోతే, సభకు వచ్చిన పాత సిబ్బంది భోజనానికి కూర్చున్నప్పుడే ఆ ఫొటోలు వాళ్ల ముందుంచండి. అంతమంది మళ్లీ ఒకచోట చేరేది ఎప్పుడో.